అంగారకుడు ఆ తెల్లవారుజామున అక్కడ లేడు

ఓడల్లో పనిచేసి రిటైరైనవాడు అనగానే కుర్రాళ్లు తుఫాను కథ చెప్పమంటారు. నా దగ్గర రెండు మూడు ఉన్నాయి గానీ వాటిలో నా ప్రతాపం ఏమీ లేదు. ఓడ గట్టిది కాబట్టి బతికి బయటపడ్డాం, అంతే. నేను స్వయంగా చేసిన పని చెప్పమంటే మాత్రం అది సముద్రం మీద జరగలేదు. సముద్రానికి మూడు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరాన, తార్నాకలో, ఒక మందుల షాపు పైన ఉన్న రెండు గదుల ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది. కూర్చుని రాద్దామనుకుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. ఇది అయిదోసారి.

కాకినాడ దగ్గర పుట్టి, పందొమ్మిదేళ్లు ఓడల మీద తిరిగి, మోకాలు దెబ్బతిని దిగిపోయాక నేను తార్నాకలో స్థిరపడ్డాను. ఓడల్లో చిన్న ఆఫీసర్లుగా చేస్తూ పై సర్టిఫికెట్ పరీక్షలకు చదువుకునేవాళ్లకు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నావిగేషన్ చెప్పేవాణ్ని. దాని యజమాని పెద్ద ఓడలకు కెప్టెన్‌గా చేసినవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. సముద్రం లేని ఊళ్లో నక్షత్రాలతో దారి పట్టడం నేర్పుతున్నాడేమిటని చుట్టాలు నవ్వేవారు. నక్షత్రాలకు ఊరేమిటి, మెట్టుగూడ మీదుగా వెళ్లేవీ అవే, మలక్కా మీదుగా వెళ్లేవీ అవే అని నేనూ గొప్పగా జవాబు చెప్పేవాణ్ని.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక్క ముక్క చెప్పాలి. ఎంత ఖరీదైన ఓడైనా దాని దిక్సూచి కొద్దో గొప్పో తప్పు చూపిస్తూనే ఉంటుంది. ఎంత తప్పు చూపిస్తోందో తెలిస్తే ఇబ్బంది లేదు. తెలుసుకునే దారి పాతదే. ఫలానా క్షణంలో ఒక నక్షత్రం ఏ దిక్కున ఉండాలో నౌకా పంచాంగం చూసి లెక్కకడతాం. ఆ పంచాంగాన్ని మేం ఆల్మనాక్ అంటాం. దిక్సూచి అదే నక్షత్రాన్ని ఏ దిక్కున చూపిస్తోందో చూస్తాం. ఆ తేడాయే దిక్సూచి లోపం. డ్యూటీలో ఉన్న ఆఫీసరు ప్రతి వాచ్‌లో, అంటే నాలుగు గంటల కాపలాలో, ఒకసారి ఇది చూసి, అందుకోసం పెట్టిన పుస్తకంలో రాసి సంతకం చేయాలి. పట్టుమని పది నిమిషాలు పట్టని పని. అందుకే చాలామంది చెయ్యరు. పై వరుసలో ఉన్న అంకెను కింది వరుసలోకి దించి సంతకం గీస్తారు. జీపీఎస్ ఉండగా ఎవరికి పట్టింది? ఓడ పక్కకి జరుగుతుంటే నీటి ప్రవాహం అనుకుంటారు.

ఒక వానాకాలం మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి చేరింది. గోల్నాక నుంచి వచ్చేది. తండ్రి నల్గొండ వైపు పల్లెలో సేద్యం వదిలేసి వచ్చి బస్సు డిపోలో మెకానిక్‌గా కుదిరిన మనిషి. వాళ్ల ఇంట్లో అంతకుముందు సముద్రం చూసినవాళ్లే లేరు. ఈ పిల్ల ఓడ మీద థర్డ్ ఆఫీసరుగా రెండు కాంట్రాక్టులు చేసింది. క్లాసులో మొదటి బల్ల మీద కూర్చునేది, ప్రశ్నలు తక్కువ అడిగేది, అడిగినప్పుడు నేను పుస్తకం తిరగెయ్యాల్సి వచ్చేది. అలాంటి విద్యార్థి అంటే నాబోటి వాడికి ఇష్టమూ ఉంటుంది, కాస్త గుబులూ ఉంటుంది. గుబులు సంగతి అప్పట్లో నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

చేరిన నెలకు ఒక సాయంత్రం క్లాసు అయ్యాక ఆగిపోయింది. తన చివరి ఓడ మీద జరిగింది చెప్పింది. ఆ జనవరిలో చీఫ్ ఆఫీసరు సరుకు గదులు కడిగించే పనిలో పడి, తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండే తన వాచ్‌ను నెలరోజులు ఈమెకు అప్పగించాడట. పుస్తకంలో వారాల తరబడి దిక్సూచి లోపం అర డిగ్రీ అని ఉంది. ఈమె జ్యేష్ఠ నక్షత్రాన్ని చూసి లెక్క కడితే మూడు డిగ్రీలు వచ్చింది. మూడు డిగ్రీలంటే వంద మైళ్లు పోయేసరికి అయిదు మైళ్లు పక్కకి పోవడం. ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాసింది. మిగతా ఆఫీసర్లు మళ్లీ అర డిగ్రీయే రాశారు. పది రోజులు ఆ పేజీ మీద ఈమె అంకె ఒకటి, అందరి అంకె ఒకటి. ఓడ కెప్టెన్ పిలిచి, ఇంతమందికి రానిది నీకెలా వచ్చింది అని అడిగి, దిగేముందు రాసిచ్చే రిపోర్టులో పరిశీలనలో నేర్పు లేదు అని రాశాడు. కంపెనీ అప్పటినుంచీ పిలవడం లేదు.

"నాది ఏడ మిస్టేక్ అయిందో చూసి చెప్పున్రి సార్" అంది. తను సొంతంగా లెక్కలు కట్టుకున్న పుస్తకం పేజీల ఫొటోలు నాలుగు ప్రింట్ తీసి తెచ్చింది.

నేను మొదటి పేజీ చూశాను. జ్యేష్ఠ, తెల్లవారుజాము, ఆగ్నేయం. అంతే, నా బుర్రలో గంట మోగింది. జ్యేష్ఠ ఎర్రటి నక్షత్రం. అంగారకుడు ఎర్రటి గ్రహం. రెండేళ్లకోసారి అంగారకుడు దాని పక్కగా వెళతాడు. నేను కొత్తగా ఓడెక్కిన రోజుల్లో సరిగ్గా ఈ పొరపాటే చేశాను. నా పై ఆఫీసరు నన్ను డెక్కు మీద నిలబెట్టి, ఆ రెండు ఎర్ర చుక్కల్లో ఏది ఏదో వేలుపెట్టి చూపించి, వారం రోజులు ఆటపట్టించాడు. పాతికేళ్ల నాటి ఆ అవమానం నాకు జ్ఞానంలా కనబడింది.

నువ్వు చూసింది జ్యేష్ఠను కాదమ్మా, అంగారకుణ్ని అన్నాను. చాలామంది చేసే తప్పే, సిగ్గుపడాల్సింది లేదు అని కూడా ఉదారంగా అన్నాను. ఆమె రెండో పేజీ తీయబోయింది. "సార్, ఇంకో అబ్జర్వేషన్ గూడ ఉన్నది" అంది. ముందు చుక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకో, మిగతావి తర్వాత చూద్దాం అని కాగితాలు మడిచి చేతిలో పెట్టాను. ఆల్మనాక్ నా వెనక బీరువాలో ఉంది. చెయ్యి చాపితే అందేది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కంపెనీకి నిజాయితీగా ఒక ఉత్తరం రాసెయ్యి, తప్పు ఒప్పుకున్నవాళ్లను పైవాళ్లు గౌరవిస్తారు అని సలహా ఇచ్చాను. ఉత్తరం ముసాయిదా నేనే సరిచేశాను. 'గ్రహాన్ని నక్షత్రంగా పొరబడ్డాను' అన్న వాక్యం నాదే. మరో రెండు నెలలకు కంపెనీ నుంచి జవాబొచ్చింది. మీరే ఒప్పుకున్నారు కాబట్టి మీ సేవలు ఇక అవసరం లేదు అన్నది దాని సారాంశం. ఆమె క్లాసుకు రావడం మానేసింది. పాపం అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అనుకున్నట్టు గుర్తులేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఆమె ఇంకా క్లాసులో ఉండగానే, పేరు చెప్పకుండా, నేను దీన్ని పాఠంగా మార్చేశాను. "కుజదోషం పెళ్లిళ్లకే కాదు, నావిగేషన్‌కీ ఉంటుంది" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఎవరి గురించో అందరికీ తెలుసు. కుర్రాళ్లు ఆమెను కుజదోషం అని పిలుస్తున్నారని తర్వాత నా చెవిన పడింది. పెళ్లికాని పిల్లను ఆ మాటతో పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించాల్సినవాణ్ని. జోకు బాగా పేలిందన్న సంతోషంలో ఉన్నాను.

మరుసటి జనవరి వచ్చింది. శనివారాలు తెల్లవారక ముందే విద్యార్థుల్ని యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్లడం నా అలవాటు. అక్కడి మైదానంలో ఆకాశం కాస్త విశాలంగా దొరుకుతుంది. ఆ వేళకే కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం కుర్రాళ్లు, ఆడపిల్లలు రొప్పుతూ రౌండ్లు కొడుతుంటారు. లైబ్రరీ వైపు వీధి దీపాల కింద గ్రూప్స్‌కు చదివేవాళ్లు దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉంటారు. మేం ఎనిమిదిమందిమి వాళ్ల మధ్యలో నిలబడి మెడలు ఎత్తితే ఎవరూ వింతగా చూడరు. ఆ క్యాంపస్‌లో అందరూ దేనికోసమో ఒకదానికోసం పైకి చూస్తున్నవాళ్లే.

ఆ శనివారం ఆగ్నేయాన జ్యేష్ఠ ఉంది. దానికి దగ్గరలోనే అంగారకుడూ ఉన్నాడు. ఇంత అందమైన అవకాశం నేను వదులుకుంటానా? రెండింటినీ చూపించి, నిరుడు ఇదే రోజుల్లో ఒక ఆఫీసరు ఈ రెంటినీ కలగలిపి ఉద్యోగం పోగొట్టుకుంది అని కుజదోషం కథ మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు.

రోజూ అక్కడ నడకకు వచ్చే ఒకాయన ఆ పూట మా పక్కన ఆగి విన్నాడు. యూనివర్సిటీలో టెలిస్కోపుల దగ్గర మెకానిక్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. జనగామ పక్క రైతు బిడ్డ. మంకీ క్యాపు, చేతిలో కర్ర. ఎప్పుడైనా కలిసి టీ తాగేవాళ్లం. విద్యార్థులు టీ బండి వైపు వెళ్లేదాకా ఆయన ఆగాడు. వాళ్లు దూరమయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఏమనుకోకున్రి. నిరుడు ఈ దినాలల్ల అంగారకుడు గీడ లేకుండె."

ఎక్కడున్నాడన్నాను.

"మేషంల ఉండె. పొద్దుమీకినంక నెత్తిమీద కనవడ్తుండె. పిల్లలకు దుర్బిన్ల చూపెట్టినం గద, నాకు మంచిగ యాది. నడిరాత్రికే మునుగుతుండె. తెల్లారంగ ఏడికెళ్లి వస్తడు?"

ఆయన మామూలుగానే అన్నాడు, నన్ను పట్టుకోవాలని కాదు. నేను నవ్వి, అవునా, చూస్తాను అన్నట్టు గుర్తు. టీ గ్లాసు చేతికిచ్చారు. తాగానో లేదో తెలియదు. విద్యార్థుల్ని పంపించేసి ఇన్‌స్టిట్యూట్ వైపు నడిచాను. నా మోకాలితో మామూలుగా ఆటో ఎక్కే దూరం అది. ఆ రోజు నడిచాననే సంగతి చేరాక గానీ తెలియలేదు.

షట్టర్ వేసి ఉంది. తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ పాలకు వెళ్లాడు. నేను మెట్రో స్తంభాల కింద ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. సిగ్నల్ దాకా వెళ్లాను, వచ్చాను. రెండేళ్లకోసారి అన్న మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈ జనవరిలో అంగారకుడు జ్యేష్ఠ పక్కన ఉంటే పోయిన జనవరిలో ఉండడు. ఇది ఆల్మనాక్ కూడా అక్కర్లేని లెక్క. స్కూలు పిల్లవాడు వేళ్ల మీద చేసే లెక్క.

తాళం తీశాక పాత ఆల్మనాక్ బీరువాలోంచి లాగాను. పేజీ తెరిచాను. ఆమె తేదీ నాకు గుర్తుంది. ఉత్తరంలో నేనే రాయించాను కదా. ఆ ఉదయం ఆమె ఓడ ఉన్నచోట అంగారకుడు అస్తమించి అప్పటికి దాదాపు అయిదు గంటలైంది. దిగంతం కింద ఉన్న గ్రహాన్ని చూసి పొరబడ్డావని నేను ఒక మనిషికి చెప్పాను. ఆమె నమ్మింది.

ఆ కాగితాల నకళ్లు నా దగ్గర లేవు, తిరిగిచ్చేశాను. అయితే ఫొటోలు మొదట నా ఫోన్‌కే పంపింది. వెనక్కి వెళ్లి వెతికాను. నాలుగు పేజీలూ ఉన్నాయి. మొదటి పేజీ లెక్క మళ్లీ కట్టాను. మూడు డిగ్రీలు. రెండోది మరో ఉదయం, మరో నక్షత్రం. మూడు డిగ్రీలు. మూడో పేజీ దాటి నాలుగోది తెరిచేసరికి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. అది సూర్యోదయం. సముద్రం అంచున లేస్తున్న సూర్యుణ్ని చూసి రాసుకున్న దిక్కు. దానికీ మూడు డిగ్రీలే. సూర్యుణ్ని చూసి ఇంకేదో అనుకోవడం భూమ్మీద ఎవరివల్లా కాదు.

దిక్సూచిలోనే లోపం ఉందో, ఆమె చూసిన పరికరం ఒక్కటే పక్కకు జరిగి ఉందో ఇక్కణ్నుంచి చెప్పలేను. ఆమె చూసినది మాత్రం నిజం. ఓడ మీద చూడకుండా అంకె దించినవాళ్లు నలుగురు. తార్నాకలో అయిదోవాణ్ని నేను.

ఇది తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆ మెకానిక్ గారూ. ఆయనకేమో ఆ అమ్మాయి ఎవరో, ఉత్తరం సంగతేమిటో తెలియదు. కాబట్టి నిజానికి నేనొక్కణ్నే. నాలుగు రోజులు ఈ ఆలోచనతో తిరిగాను. తిరిగాననే మాట ఉన్నదున్నట్టే తీసుకోండి. ఇంట్లో కూర్చోలేక కాచిగూడ దాకా బస్సెక్కి, దిగకుండానే అదే బస్సులో వెనక్కి వచ్చేవాణ్ని. మా ఆవిడ షుగర్ పరీక్ష చేయించుకోమంది. ఆ అమ్మాయి ఇంకో ఉద్యోగంలో స్థిరపడి ఉంటుంది, ఇప్పుడు కెలికితే ఎవరికి లాభం అని ఒక రోజు అనిపించేది. ఇంకో రోజు ఆ వాక్యం కనబడేది, 'గ్రహాన్ని నక్షత్రంగా పొరబడ్డాను'. ఆమె చేతిరాతలో నా వాక్యం.

అయిదో రోజు పెద్దాయనకు చెప్పాను. అంతా విన్నాడు. కంపెనీకి ఇన్‌స్టిట్యూట్ తరఫున ఉత్తరం రాద్దాం అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కంపెనీ మనకు ఏటా పదిమందిని పంపుతుంది, నీ పొరపాటుకి ఇన్‌స్టిట్యూట్ తలవంచాలా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రెండు గదుల మీద ఆరుగురి జీతాలు నడిచేవి, వాటిలో నాదీ ఒకటి.

"నీ పేరుతో నువ్వు రాసుకో. మన కాగితం మీద మాత్రం వద్దు" అన్నాడు.

నా పేరుతోనే రాశాను. నాలుగు లెక్కలూ మళ్లీ కట్టి జతచేశాను. తప్పు అభిప్రాయం నాదని, ఆమె ఉత్తరంలోని ఆ వాక్యం నేను రాయించిందని రాశాను. మెయిల్ పంపే ముందు మాత్రం ఆగాను. ఇది ఆమె గురించిన ఉత్తరం. మొదటిసారి ఆమె మాట వినకుండా తీర్పు చెప్పాను, రెండోసారి ఆమెకు చెప్పకుండా ఉపకారం చేస్తానా?

గోల్నాకలో వాళ్లిల్లు మూసీ వైపు వాలుగా దిగే సందులో ఉంది. కింద వాళ్లమ్మ కూరగాయలు తరుగుతోంది. నన్ను చూసి, మా పిల్లకు సదువు జెప్పిన సారు అని లేచి నిలబడింది. అది ఇంకా కష్టంగా ఉంది. అమ్మాయి పై గదిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. నన్ను చూడగానే పిల్లల్ని పంపించేసింది. ప్లాస్టిక్ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

చెప్పాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు పనికిరాలేదు. ఆ ఉదయం అంగారకుడు ఆకాశంలో లేడమ్మా, నేను ఆల్మనాక్ తెరవలేదు, నువ్వు చూసింది జ్యేష్ఠనే, నీ లెక్క సరైనదే, ఇంతే చెప్పగలిగాను.

ఆమె అల్మారాలోంచి ఫైలు తీసి, నాలుగో పేజీ నా ముందు పెట్టింది. అంచులు నలిగిపోయి ఉన్నాయి. చాలాసార్లు తీసి చూసుకున్న కాగితం.

"ఇది ఆనాడే మీకు చూపెట్టబోయిన సార్. మీరు చూడలె."

అవునన్నాను.

"ఇంటికొచ్చి నేను మళ్ల చూసిన. సూర్యుంది గూడ మూడే వచ్చింది గద, సార్ గట్ల ఎందుకన్నరు అనుకున్న. మళ్ల నేనే అనుకున్న, సార్‌కి పందొమ్మిదేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నది, నాకేమున్నది అని. ఓడ మీద నలుగురు చెప్తె నమ్మలె. మీరు ఒక్కలు చెప్తె నమ్మిన."

నన్ను క్షమించమని అడిగాను. ఆమె ఫైలు మూసింది. కోపం ఉంది, కనిపించింది. నా వయసును చూసి దాన్ని అణచుకుంటోందని కూడా కనిపించింది. అలా అణచుకోవడం నాకు తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

"క్షమించుడు సంగతి నాకు తెల్వది సార్. ఆ కుజదోషం జోక్ క్లాసుల అందరి ముంగట చెప్పిన్రు. ఇది గూడ గట్లనే చెప్పున్రి."

కంపెనీకి ఉత్తరం పంపమంటావా అని అడిగాను. పంపమంది. ఒక నకలు తనకూ కావాలంది. నేను మెట్లు దిగుతుంటే వాళ్లమ్మ టీ తాగిపొమ్మని ఆపింది. విషయం ఆమెకు తెలియదు. ఆ టీ తాగాను. అంత కష్టమైన టీ నేనెప్పుడూ తాగలేదు.

సోమవారం ఉదయం క్లాసులో చెప్పాను. ఆమె పాత బ్యాచ్‌లో ఊళ్లో ఉన్న ముగ్గుర్ని కూడా ఫోన్ చేసి రప్పించాను. ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది, తలుపు పక్క నిలబడింది. పెద్దాయన కూడా వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఉత్తరానికి కాగితం ఇవ్వనన్న మనిషి, కదలకుండా చివరిదాకా విన్నాడు.

బోర్డు మీద అంగారకుడి స్థానం వేసి, ఆ ఉదయం అతను ఎక్కడున్నాడో వాళ్లచేతే లెక్క కట్టించాను. పావుగంటలో అందరికీ జవాబు వచ్చింది. అప్పుడు జరిగింది చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలోని ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, బుక్ మీ వెనకనే ఉన్నది గదా. ఎందుకు తీయలేదు సార్?"

ఎకసెక్కెం లేదు, నిజంగానే అడిగాడు. నాకు చాలా జవాబులు తట్టాయి. సాయంత్రం అయింది, అలసిపోయాను, ఆకలేస్తోంది. అవేవీ నిజం కావు. "నాకు తెలుసు అనుకున్నాను" అన్నాను. అతను దాన్ని నోట్సులో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో గానీ, నేను ఆ ఏడంతా చెప్పిన పాఠాల్లో రాసుకోదగ్గది అదొక్కటేనేమో.

కంపెనీ జవాబు మూడు వారాలకు వచ్చింది. మీ అభిప్రాయం అందింది, విషయం ముగిసిపోయింది అని రెండు ముక్కలు. మళ్లీ రాశాను. మూడోసారి రాశాను. దానికి జవాబే లేదు. ఆ దిక్సూచిని ఎవరైనా సరిచేశారో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ ఓడ ఎక్కడో ఒక సముద్రంలో తిరుగుతూనే ఉండి ఉంటుంది. వార్తల్లో ఏదైనా ఓడ రాతిగుట్ట ఎక్కిందని వస్తే పేరు చదివేదాకా నా ప్రాణం కుదుటపడదు. మరుసటి ఏడాది ఆ కంపెనీ మా దగ్గరికి ఎవర్నీ పంపలేదు. పెద్దాయన నన్ను పొమ్మనలేదు. మూడు జీతాలు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదటిది నాదిగా నేనే రాసిచ్చాను. అలా నేను రెండోసారి రిటైరయ్యాను. ఇందులో త్యాగమేమీ లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఆమె మాటే సరైనది.

ఆ అమ్మాయి మళ్లీ క్లాసుకు వచ్చింది. నా దగ్గర కాదు, పెద్దాయన దగ్గర చదువుకుంది. నేను బాధపడ్డాను, న్యాయమే అనుకున్నాను. రెండూ ఒకేసారి జరిగాయి. పరీక్ష మొదటిసారే పాసైంది. అయినా ఆ రిపోర్టు వల్ల ఆరు నెలలు ఎవరూ తీసుకోలేదు. ఆ ఆరు నెలలూ ఆమె గోల్నాకలో పదో తరగతి లెక్కలు చెబుతూనే ఉంది. నేను క్యాంపస్‌లో నడుస్తూనే ఉన్నాను. మెకానిక్ గారికి మొత్తం కథ చెప్పాను. ఆయన నడుస్తూనే, చెప్పకపోయి ఉంటే మీకు నిద్ర పట్టేదా అని అడిగాడు. చెప్పినా పట్టడం లేదన్నాను.

ఒక మధ్యాహ్నం ముంబై నుంచి ఫోన్ వచ్చింది. తీరం వెంబడి చిన్న ట్యాంకర్లు నడిపే ఒక కంపెనీ. మాట్లాడింది కొత్తవాళ్లను ఎంపిక చేసే కెప్టెన్. గొంతును బట్టి నా వయసువాడే. ఆమె తన దరఖాస్తులో, తనను ఎరిగినవాళ్లు అన్న చోట నా పేరు ఇచ్చిందట. అది విని నేను కుర్చీలోంచి లేచాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఆయన తీరుబడిగా ఒక్కొక్కటీ అడిగాడు. క్రమశిక్షణ, ఆరోగ్యం, ఇంగ్లీషు. పాత కంపెనీ రిపోర్టు ఆయన ముందే ఉన్నట్టుంది. చివరికి అసలు దగ్గరికి వచ్చాడు. పరిశీలనల్లో ఈమె ఎప్పుడైనా పొరపాటు చేసిందా, దాచకుండా చెప్పండి అన్నాడు.

"పరిశీలనల్లో లేదు సార్. ఆమె చేసిన పొరపాటు నాకు తెలిసి ఒక్కటే. నా మాట నమ్మింది" అన్నాను.

అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది. ఉద్యోగం కాగితం మీద వేయడానికి, పాస్‌పోర్టులో ఆమె ఇంటిపేరు ఎలా ఉందో ఒక్కొక్క అక్షరమూ చెప్పమన్నాడు. రాసుకుంటున్నానన్నాడు.